లక్షన్నర కోర్సు ఆపండి, మీ బిడ్డను పోటీ పెట్టనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ డేటా సైన్స్ మూడో సంవత్సరం. స్నేహితులతో కలిసి జూనియర్లకు డేటా సైన్స్ పోటీ పెడతానని పట్టుబట్టింది. రెండు నెలలు దానికే పోతాయి. మేమేమో అమీర్‌పేటలో లక్షన్నర కోర్సులో చేర్పిద్దామనుకున్నాం. పక్కింటి అబ్బాయి అదే చేశాడు. ఏది ఉద్యోగానికి పనికొస్తుంది?
- ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది పోటీ గురించి, కోర్సు గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం ‘ఈ బ్రాంచి ఇప్పించి బిడ్డను ముంచామా’ అన్న భయం. ముంచలేదు. మామూలు సీఎస్‌ఈకి, దీనికి సిలబస్‌లో తేడా కొన్ని సబ్జెక్టులే. క్యాంపస్‌కు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఇద్దరినీ ఒకే పరీక్షకు కూర్చోబెడతాయి. ముందు ఆ దిగులు వదిలేయండి.

నా అనుమానమల్లా డేటా సైంటిస్ట్ ఉద్యోగం నేరుగా దొరుకుతుందన్న ప్రచారం మీదే. బీటెక్ అవగానే ఆ హోదా ఇచ్చే కంపెనీలు తక్కువ. పీజీనో అనుభవమో అడుగుతారు. ఎక్కువమంది ముందు డేటా ఎనలిస్టుగానో, డేటా ఇంజినీరింగ్ టీమ్‌లోనో, మామూలు డెవలపర్‌గానో చేరి, తర్వాత అటు జరుగుతారు. అక్కడ చూసేది ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి కావాల్సిన వివరాలు లాగే భాష), ఎక్సెల్, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), గజిబిజి డేటాతో కుస్తీ పట్టే ఓపిక. ‘నాలుగు నెలల్లో డేటా సైంటిస్ట్’ అని హోర్డింగు పెట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు. కోర్సు చివర ప్రాజెక్టు పేరుతో చేయించేది చాలాసార్లు టైటానిక్ డేటానే. 891 మంది ప్రయాణికుల వివరాలతో మోడల్ (అంచనా వేసే ప్రోగ్రామ్) తయారు చేసి, ఇంకో 418 మందిలో ఎవరు బతికారో చెప్పాలి. ఓనమాలకు మంచిదే. కానీ ఆ ఓడ ప్రయాణికుల జాబితా అందరికీ దొరికేదే కాబట్టి కాగిల్‌లో (డేటా పోటీలు జరిగే వెబ్‌సైట్) జవాబులు దించేసి నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. రెజ్యూమెలో అది చూసి ఎవరూ ఆశ్చర్యపోరు.

పోటీలో పాల్గొనేవాళ్లకు డేటా వండి వడ్డిస్తారు. ఏది ఊహించాలి, తప్పును ఎలా కొలవాలి, ఏ తేదీ దగ్గర డేటాను కోయాలి అన్నవి తేల్చాల్సింది పోటీ పెట్టేవాళ్లే. ఉద్యోగంలో ఉండేదీ ఈ పనే.

ఒక ఉదాహరణ చెప్తాను, అమ్మాయికి చదివి వినిపించండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరను ముందుగా చెప్పే పోటీ అనుకుందాం. మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ పోర్టల్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉంటాయి. మోడల్ ధరంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. మోడల్ ధర ఊహించమని చెప్పి, అదే రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరలు కూడా చేతికిస్తే పోటీ అక్కడే చచ్చింది. ఆ రెండింటి సగటు వేసినోడు కూడా గెలుపు దరిదాపుల్లో ఉంటాడు. వరుసలను కలగలిపి ట్రెయిన్ (మోడల్‌కు నేర్పేది), టెస్ట్ (దాన్ని పరీక్షించేది)గా విడగొట్టినా అంతే. సోమవారం, బుధవారం ధరలు తెలిసినవాడికి మంగళవారం ధర ఓ లెక్క కాదు. తేదీ దగ్గరే కోయాలి, దానికి ముందువి ట్రెయిన్‌కు, తర్వాతవి టెస్ట్‌కు.

అలా కోసినా ఇంకో చిక్కుంది. పాత ధరలన్నీ పోర్టల్‌లోనే ఉంటాయి, పిల్లలు జవాబులు అక్కడినుంచి తెచ్చుకుంటారు. అందుకని పాత డేటాతో కాగిల్‌లో రెండు వారాలు ప్రాక్టీసు పెట్టాలి. అక్కడ పోటీ పెట్టడం ఉచితం. రోజుకు ఐదు సబ్మిషన్లు చాలు. జవాబుల్లో మూడో వంతు అందరికీ కనిపించే లీడర్‌బోర్డుకు (ర్యాంకుల పట్టిక), మిగతాది చివరిదాకా దాచిన లీడర్‌బోర్డుకు. అసలు ఫైనల్‌కు మాత్రం గడువు ముగిశాక వచ్చే మూడు వారాల ధరలు ముందే రాసివ్వమనాలి. ఇంకా రాని ధరను కాపీ కొట్టేదెవరు?

డేటా శుభ్రం చేయడానికే పది రోజులు పెట్టుకోమనండి. 17,000 ఉండాల్సిన చోట సున్నా ఎక్కువై 1,70,000 పడితే, ఆర్‌ఎంఎస్‌ఈ అనే కొలత తప్పును వర్గం చేస్తుంది కాబట్టి ఆ ఒక్క వరుసే ర్యాంకులన్నీ తారుమారు చేస్తుంది. ఎంఏఈ (తప్పుల మామూలు సగటు) పెడితే ఆ దెబ్బ తగ్గుతుంది, పైగా ‘క్వింటాలుకు ఇన్ని రూపాయల తేడా’ అని అడ్తిదారుకు కూడా చెప్పొచ్చు. తేజ, చపాటా మిర్చి రకాలను కలిపేస్తే ధర ఊగిపోతుంది, ఒక్క రకమే తీసుకోవాలి. మార్కెట్ బందున్న రోజులను సున్నా ధరగా లెక్కేయకూడదు. నిన్నటి ధరే రేపూ ఉంటుందని చెప్పే బేస్‌లైన్ నోట్‌బుక్ (పోల్చుకోవడానికి అతి సులువైన కోడ్) ముందే ఇవ్వాలి. చాలా జట్లు దాన్ని దాటలేవు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొదటి ఐదు జట్ల కోడ్ నిర్వాహకులే మళ్లీ నడిపి చూడాలి. అదే స్కోరు రాకపోతే బహుమతి లేదు. మార్కుల్లో సగమే స్కోరుకు, మిగతా సగం కోడ్‌కు, రెండు పేజీల వివరణకు.

జవాబు ముందే డేటాలోకి జారిపోవడాన్ని డేటా లీకేజ్ అంటారు. ఇంత చేసిన పిల్లను ఇంటర్వ్యూలో ‘డేటా లీకేజ్ అంటే ఏంటి’ అని అడిగితే తడుముకోదు. కోర్సుతో పోల్చమన్నారు కదా, ఇంతకన్నా పోల్చడానికి ఏం లేదు. కోర్సుల్లో చెప్పే పైథాన్, పాండాస్ (పైథాన్‌లో డేటా పట్టికలతో పనిచేసే సాధనం) ఉచితంగా దొరుకుతాయి. ఆమెకు గట్టిగా రావాల్సింది ఎస్‌క్యూఎల్. రోజూ గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే చాలు.

ఇక మీకో మాట, కోపం తెచ్చుకోకండి. పక్కింటి అబ్బాయి పేరు ఇంట్లో ఎత్తడం మానండి. మూడో సంవత్సరం పిల్ల తనంతట తానే ఒక పని నెత్తినేసుకుంటానంటే, ‘టైం వేస్ట్’ అనేది మీరేనా? పోటీ ఆగినా, పదిమందే వచ్చినా ఆమెకు పోయేదేమీ లేదు. మీరు అడగాల్సినవి రెండే: సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాల ముందే ముగుస్తుందా, బ్యాక్‌లాగ్‌లు ఏమైనా ఉన్నాయా. ఉంటే మాత్రం పోటీ వచ్చే ఏడాదికి. బహుమతులు, చాయ్, సమోసా ఖర్చు పదిహేను వేలు దాటనక్కర్లేదు, అందులో కొంత మీరిచ్చినా నష్టం లేదు.

మిర్చి సీజన్‌లో ఒక పొద్దున ఆమెను ఎనుమాములకు తీసుకెళ్లండి. జెండా పాటలో (మార్కెట్‌లో పొద్దున మొదట జరిగే వేలం) పలికిన ధరే పేపర్లో వస్తుంది. ఎక్కువ బస్తాలు అమ్ముడయ్యేది అంతకన్నా తక్కువకే, మోడల్ ధర చెప్పేది దాని గురించే. ఏ ధరను ఊహించమని పోటీ పెట్టాలో అక్కడ నిలబడి తేల్చుకోనివ్వండి.