రెసిడెంట్ ఈవిల్ గేమ్ 'స్వీట్ హోమ్' సినిమా నుంచి పుట్టిందా?

నేరుగా కాదు, కియోషి కురొసావా తీసిన ఆ జపనీస్ హారర్ సినిమా ఆధారంగా గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ 1989లోనే ఫామికామ్‌కి (నింటెండో గేమ్ కన్సోల్) అదే పేరుతో ఒక ఆర్‌పీజీ (పాత్రల్ని నడిపిస్తూ ఆడే గేమ్) చేసింది, రెసిడెంట్ ఈవిల్ (1996)కి మూలం ఆ ఆర్‌పీజీయే. దాన్ని డైరెక్ట్ చేసిన టొకురో ఫుజివారాయే తర్వాత రెసిడెంట్ ఈవిల్‌కి నిర్మాత. ఫామికామ్‌లో కుదరని భయాన్ని ప్లేస్టేషన్‌లో చూపించాలన్నది ఆయన ఆలోచన. అందుకే దయ్యాల కొంపలాంటి బంగళా, చాలీచాలని సామాను, తలుపు తెరుచుకునే దృశ్యం రెండింట్లోనూ కనిపిస్తాయి.

ఆ ఆర్‌పీజీ గొప్పతనం దాని నియమాల్లోనే ఉంది. మొత్తం ఐదు పాత్రలు, ఒక జట్టుగా ముగ్గురికి మించి నడవలేరు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పనిముట్టు. ఉదాహరణకు అసుకా దగ్గర వాక్యూమ్ క్లీనర్ ఉంటుంది, దాంతో గాజుపెంకులు తీసేస్తేనే కొన్నిచోట్ల దారి. ఆమె చనిపోతే మళ్లీ బతికించే వీల్లేదు. బదులుగా చీపురు వెతుక్కుని, అసలే చోటు లేని సామానులో దాన్నీ మోయాలి. చివరికి ఎంతమంది మిగిలారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది.

చాలామంది కథ కూడా ఒకటే అనుకుంటారు, కానీ కాదు. సినిమాలోనూ ఆర్‌పీజీలోనూ పీడించేది మమియా అనే ఆవిడ ఆత్మ. రెసిడెంట్ ఈవిల్‌లో మనుషుల్ని జాంబీలు చేసేది వైరస్.