పుల్ రిక్వెస్టులు పంపినా ఎవరూ పట్టించుకోవట్లేదు, ఓపెన్ సోర్స్‌లో ఎలా మొదలుపెట్టాలి?

బీటెక్ మూడో ఏడాది, పంపిన పుల్ రిక్వెస్టులు (మన మార్పును కలుపుకోమని ప్రాజెక్టుకు పంపే అభ్యర్థనలు) నెలల తరబడి అలాగే పడి ఉన్నాయి, ఏ ప్రాజెక్టు పట్టుకుంటే మెర్జ్ అవుతాయి, అంటే అసలు కోడ్‌లో కలుస్తాయి అని అడిగారు. రోజూ మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా పట్టుకోండి, ప్రాజెక్టుతో పెద్ద తేడా ఉండదు. కొన్నాళ్లు కోడ్ పంపడం ఆపి, బగ్గు ఎక్కడ పుట్టిందో పట్టి చూపించే పని చేయండి.

పేరున్న ప్రాజెక్టుల్లో కోడ్ రాసేవాళ్లకు కొదవ లేదు. చదివి సరిచూసేవాళ్లకే కరువు. మీరు పది నిమిషాల్లో రాసిన మార్పును మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి) చదవాలి, నడిపి చూడాలి, పాత వెర్షన్లు వాడేవాళ్లకు ఏమైనా చెడుతుందా అని ఆలోచించాలి. రేపు అది విరిగితే మోయాల్సిందీ ఆ మనిషే. సరిగ్గా రాసిన బగ్ రిపోర్టు ఆ బరువును తగ్గిస్తుంది. అందుకే దానికి జవాబు త్వరగా వస్తుంది.

ఇటీవలి కాలంలో ఓపెన్ సోర్స్‌కు జరిగిన అతి పెద్ద మేలు ఒక బగ్ రిపోర్టు వల్లే జరిగింది. 2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ అన్‌స్టేబుల్ (డెబియన్ లైనక్స్‌లో ఇంకా తయారవుతున్న వెర్షన్) మీద ఏవో వేగాలు కొలుస్తుంటే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్లు సీపీయూని మామూలు కంటే ఎక్కువ తినడం కంటపడింది. లేని యూజర్ పేరుతో లాగిన్ కొడితే అంతకుముందు 0.299 సెకన్లలో తిప్పికొట్టేది, ఇప్పుడు 0.807 పడుతోంది. తేడా అర సెకను. మనలో చాలామందిమి నెట్ నెమ్మదిగా ఉందనుకుని వదిలేస్తాం. ఆయన పెర్ఫ్ (సమయం ఎక్కడ పోతోందో చూపే సాధనం) పెట్టి చూశాడు. సమయమంతా లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే కంప్రెషన్ లైబ్రరీలో పోతోంది, కానీ ఏ ఫంక్షన్‌లోనో పెర్ఫ్ చెప్పలేకపోతోంది. కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ పరీక్షల్లో మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ ఇచ్చిన వింత ఫిర్యాదు గుర్తొచ్చింది. అక్కణ్నుంచి లాగితే, ఆ లైబ్రరీ వచ్చే ఎక్స్‌జెడ్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేరుగా ఆ లైబ్రరీని వాడదు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడం కోసం డెబియన్ వేసుకున్న ప్యాచ్ (కోడ్‌లో చిన్న మార్పు) ద్వారా అది లోపలికి వస్తుంది. ఆ దొంగదారిని బిల్డ్‌లోకి ఎక్కించే స్క్రిప్టు విడుదల టార్‌బాల్‌లోనే (విడుదల చేసిన కోడ్ మూట) ఉంది, మార్పుల చరిత్ర ఉండే గిట్‌లో లేదు. అసలు సరుకేమో టెస్టు ఫైళ్లలో దాచారు. ముందు డెబియన్ భద్రతా బృందానికి, మిగతా డిస్ట్రోలకు (లైనక్స్ రకాలను తయారుచేసేవాళ్లకు) గుట్టుగా చెప్పి, మార్చి 29న అందరికీ వెల్లడించాడు.

ఆ దొంగదారి పెట్టిన ‘జియా టాన్’ 2021 చివరి నుంచి ప్యాచ్‌లు పంపుతూనే ఉన్నాడు. అవి మెర్జ్ అయ్యాయి, తర్వాత సహ మెయింటైనర్ కూడా అయ్యాడు. మెర్జ్ అయిన కమిట్ల (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) సంఖ్యను రెజ్యూమెలో కొలమానంగా పెట్టుకునేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

ఇక మీరు చేయాల్సింది. ఇంతకుముందు బాగా నడిచి కొత్త వెర్షన్‌లో చెడిపోయిన ఒక ఇష్యూని (ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్య) ఎంచుకోండి. రిపోను (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) పూర్తిగా క్లోన్ చేయండి. డెప్త్ 1తో తెచ్చుకుంటే చరిత్ర ఉండదు, పని జరగదు. చెడగొట్టిన కమిట్‌ని సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌ని స్టార్ట్ కొట్టి, ఇప్పటి కమిట్‌ని బ్యాడ్, పాత విడుదల ట్యాగ్‌ని గుడ్ అని చెప్పండి. మధ్యలో వెయ్యి కమిట్లున్నా దాదాపు పదిసార్లు బిల్డ్ చేస్తే తేలిపోతుంది. చిన్న షెల్ స్క్రిప్టు రాసి బైసెక్ట్ రన్‌కి అప్పగిస్తే అదే తిరుగుతుంది: స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ 0 వస్తే బాగున్నట్టు, 1 వస్తే చెడినట్టు, 125 వస్తే ఆ కమిట్‌ని దాటేయమన్నట్టు.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ 125 దగ్గరే. మధ్యలో ఏదో కమిట్ కంపైల్ కాదు, మేక్ (కోడ్‌ని బిల్డ్ చేసే ప్రోగ్రాం) 2 అనే ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తుంది, బైసెక్ట్ దాన్ని బగ్గుగా లెక్కేస్తుంది, చివరికి సంబంధం లేని కమిట్‌ని పట్టిస్తుంది. కాబట్టి మేక్ లైను పక్కనే రెండు నిలువు గీతలు (||) పెట్టి ఎగ్జిట్ 125 రాయండి. పాత ఆబ్జెక్టు ఫైళ్లు మిగిలిపోయినా ఫలితం తప్పుతుంది, ప్రతి అడుగులో గిట్ క్లీన్‌ని -fdx ఆప్షన్లతో నడపండి. అది ట్రాక్ కాని ఫైళ్లన్నీ చెరిపేస్తుంది గనుక స్క్రిప్టును రిపో బయటే ఉంచండి. రెండుసార్లకు ఒకసారి మాత్రమే కనిపించే బగ్గయితే ఒక్కో కమిట్ దగ్గర పదిసార్లు నడపండి, అప్పుడు పదిసార్లూ తప్పించుకునే అవకాశం 1024లో ఒకటి. కమిట్ దొరికాక దాన్ని తాజా కోడ్ మీద రివర్ట్ చేసి, బగ్గు పోయిందో లేదో చూడండి. ఈ చివరి పని మానేసేవాళ్లే ఎక్కువ, మెయింటైనర్ మొట్టమొదట అడిగేది కూడా ఇదే.

రిపోర్టులో ఆ కమిట్ హ్యాష్, బైసెక్ట్ లాగ్, వెర్షన్లు, బగ్గును రప్పించే అతి చిన్న ఇన్‌పుట్ పెట్టండి. టెర్మినల్‌లో వచ్చింది అక్షరాలుగా అతికించండి. ఫోనుతో స్క్రీన్ ఫొటో తీసి పెట్టే అలవాటు మన పిల్లల్లో విపరీతంగా ఉంది. అందులోని ఎర్రర్‌ని ఎవరూ వెతకలేరు, కాపీ చేసుకోలేరు. భద్రతకు సంబంధించినదైతే బహిరంగ ఇష్యూ వద్దు, సెక్యూరిటీ ఫైల్‌లో ఇచ్చిన చిరునామాకు రాయండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 2020లో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ (అక్టోబరులో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు బహుమతిచ్చిన కార్యక్రమం) టీషర్టు కోసం రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో ఒక పదం మార్చి పంపిన రిక్వెస్టులు ఎంతగా ముంచెత్తాయంటే, ఒప్పుకున్న రిపోలే లెక్కలోకి వస్తాయని నిర్వాహకులు అక్టోబరు మొదటి వారంలోనే నియమం మార్చాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేరు చేరుస్తూ మన విద్యార్థులు వరసగా పంపారు. పుల్ రిక్వెస్టు ఎలా పంపాలో నేర్చుకోవడానికి సొంత రిపో చాలు, మీ స్నేహితుడితో అతని ఖాతా నుంచి పంపించుకోండి. పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే అంతమంది మెయింటైనర్ల సమయం మిగిలేది. ఏఐ రాసిన, లేని బగ్గుల రిపోర్టులతో కర్ల్ (నెట్ ద్వారా డేటా తెచ్చే సాధనం) బృందం పడుతున్న అవస్థ గురించి దాన్ని తయారుచేసిన డానియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

లైనక్స్ కెర్నల్ బగ్గయితే, చెడగొట్టిన కమిట్ రాసినవాళ్లకు నేరుగా మెయిల్ పెట్టండి. గెట్-మెయింటైనర్ స్క్రిప్టు చూపే మెయింటైనర్లనూ లిస్టునూ కాపీలో ఉంచండి. హెచ్‌టీఎంఎల్ వద్దు, సాదా టెక్స్టే. ప్యాచ్ వచ్చాక మీ మెషీన్ మీద నడిపి టెస్టెడ్-బై (పరీక్షించినవాళ్ల పేరు చెప్పే లైను) ఇవ్వండి. సాధారణంగా రిపోర్టెడ్-బై దగ్గర కూడా మీ పేరే ఉంటుంది. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి అదే థ్రెడ్‌లో ఒక్కసారి గుర్తు చేయండి. ఈలోగా కొత్త వెర్షన్ విడుదలైతే, దాని మీద కూడా పరీక్షించి ఆ ఫలితాన్ని అందులోనే రాయండి.