పెద్ద డాక్టర్ గారి లెటర్ మా అమ్మాయి వద్దంటోంది

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మావారిది గుంటూరు, ఐటీ ఉద్యోగం. మా పెద్దమ్మాయికి 21 ఏళ్లు. డిగ్రీ మూడో ఏడాది పూర్తి కావస్తోంది. ఈ వేసవిలో మెడికల్ స్కూళ్లకు అప్లై చేస్తోంది. మావారి స్నేహితుడు, మేం అన్నయ్యగారూ అని పిలిచే గుండె డాక్టర్ గారు ఇక్కడ పెద్ద హాస్పిటల్లో డిపార్ట్‌మెంట్ హెడ్. రికమెండేషన్ లెటర్ తానే ఇస్తానన్నారు. పాప వద్దంది. తనకు బీ ప్లస్ ఇచ్చిన ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్‌ను అడుగుతుందట! ఒకరోజు భోజనాల దగ్గర మావారు గట్టిగా అరిచారు. పది రోజులుగా తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. నేను గదిలోకి వెళ్తే పాప లాప్‌టాప్ మూసేస్తోంది. రెండో ఏడాదిలో మొదటి పరీక్ష పోయినప్పటి నుంచి ప్రతి బుధవారం ఆ ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్లి కూర్చునేది. అది నాకు తెలుసు. కానీ ఏ ప్లస్ ఇచ్చిన వాళ్లను వదిలేసి బీ ప్లస్ ఇచ్చిన మనిషిని అడగడమేమిటి? ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు అసలు విషయం చెబుతాను. మీ పాప ఎంపిక సరైనదే. మీవారి కంగారు కూడా అర్థమయ్యేదే, ఆయన మీద కోపం తెచ్చుకోకండి.

మీవారు చదువుకున్న రోజుల్లో ఎంసెట్ ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టే. 2016 దాకా మన డాక్టర్ సీట్లకు అదే దారి, ఇప్పుడు నీట్. ఆ దారిలో ఉత్తరాల ఊసే లేదు. మనకు రికమెండేషన్ అనగానే చెవికి సిఫార్సు అనే వినిపిస్తుంది. సిఫార్సంటే పలుకుబడి ఉన్న మనిషి ఒక ఫోన్ కొట్టడం. ఆయన ఎంత పెద్దవాడైతే పని అంత తొందరగా అవుతుంది. మీవారు ప్రేమకొద్దీ తనకు తెలిసిన అతి పెద్ద మనిషిని పట్టుకొచ్చారు. తప్పేముంది?

కానీ అమెరికా మెడికల్ స్కూళ్లు అడిగేది అది కాదమ్మా. ఈ పిల్లను దగ్గర నుంచి చూసిన మనిషి, తాను చూసింది చూసినట్టు చెప్పాలి. రోగి పక్కన నిలబడగలదా, తప్పు చేస్తే ఒప్పుకుంటుందా, అర్థం కాకపోతే మళ్లీ అడుగుతుందా అన్నవి వాళ్లకు కావాలి. డాక్టర్ గారు ఆ ఉత్తరం ఎలా మొదలుపెట్టగలరో ఒక్కసారి ఊహించండి. 'ఈ అమ్మాయి మా కుటుంబ మిత్రుల కూతురు, చిన్నప్పటి నుంచి తెలుసు' అనే కదా? ఆ మాట దగ్గరే చదివేవాళ్ల నమ్మకం సగం పోతుంది. బంధువులు, ఇంటి స్నేహితులు రాసిన ఉత్తరాలకు అక్కడ విలువ తక్కువ. పాప ఆయన హాస్పిటల్‌కు నెలల తరబడి వెళ్లి, పని చేస్తూ ఆయన కళ్లెదుట ఉండి ఉంటే వేరే సంగతి. రెండు మూడు రోజుల షాడోయింగ్, అంటే డాక్టర్ వెంట తిరిగి పని గమనించడం, చూసి ఆయన మాత్రం ఏం రాస్తారు?

ఇక బీ ప్లస్ సంగతి. మీరు యథాలాపంగా రాసిన ఆ బుధవారం మాట దగ్గర నేను ఆగిపోయాను. మొదటి పరీక్ష పోయాక సిగ్గుపడి తప్పించుకు తిరగకుండా, వారం వారం ప్రొఫెసర్ తలుపు తట్టింది మీ పాప. ఏ లెక్క దగ్గర చిక్కుకుంది, దాన్ని ఎన్నిసార్లు చెరిపి మళ్లీ వేసింది, ఏ వారం నుంచి అడిగే ప్రశ్నలు మారాయి అన్నవన్నీ ఆ ప్రొఫెసరమ్మకు గుర్తుంటాయి. మూడు వందల మంది కూర్చునే హాల్లో ఏ ప్లస్ తెచ్చుకున్న క్లాసు ప్రొఫెసర్‌కు పాప పేరు కూడా తెలియకపోవచ్చు. ఆ గ్రేడు ఎలాగూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల పట్టికలో కనిపిస్తుంది. ఉత్తరంలోనూ అదే రాస్తే కొత్తగా తెలిసేదేముంది?

నేను చాలా ఏళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఎంఎస్‌కు వెళ్లే పిల్లలు లెటర్ వాళ్లే టైప్ చేసుకుని తెచ్చి సంతకం పెట్టమనేవాళ్లు. పెట్టేసేదాన్ని. తలా ఒకటి, అన్నీ ఒకేలా, 'కష్టపడే స్వభావం, మంచి నడవడిక' అని. వాళ్లలో ఒకమ్మాయి, నాన్న చనిపోయిన వారానికే ల్యాబ్‌కొచ్చి తన బ్యాచ్ రికార్డులన్నీ తానే పూర్తి చేసింది. ఆ మాట నేను రాసి ఉంటే ఎంత బాగుండేది! ఆ పిల్ల మొహం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు పాప చేయాల్సిన పనులు. చాలా స్కూళ్లు ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లవి, సైన్స్ కాని సబ్జెక్టు చెప్పిన ఒకరిది అడుగుతాయి. అన్ని చోట్లా ఒకే రూలు ఉండదు కాబట్టి తను వేసే స్కూళ్ల పేజీలన్నీ చూసుకోవాలి. చాలా మెడికల్ స్కూళ్లకు కలిపి ఒకేచోట వేసే ఆమ్‌కాస్ అప్లికేషన్‌లో పది లెటర్ల దాకా పెట్టుకోవచ్చు కానీ పదీ నింపాలని లేదు. నాలుగైదు గట్టివి చాలు. పేలవమైనది ఒక్కటి చేరినా మంచివాటి బలం తగ్గుతుంది. కొన్ని కాలేజీల్లో, మెడిసిన్‌కు వెళ్లే పిల్లలకు దారి చూపే ప్రీమెడ్ ఆఫీసు వాళ్లే అందరి మాటలూ కలిపి కమిటీ లెటర్ ఇస్తారు. పాప కాలేజీలో ఆ పద్ధతి ఉంటే ముందు అక్కడికే వెళ్లాలి, వాళ్ల గడువులు వేరుగా ఉంటాయి. రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేసి ఉంటే, రోజూ చూసిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవారు) రాసి పెద్ద ప్రొఫెసర్ కూడా సంతకం చేయడం అక్కడ మామూలే.

అడిగే తీరు కూడా ముఖ్యం. 'లెటర్ ఇస్తారా' అని కాకుండా 'నా గురించి గట్టిగా రాయగలనని మీకు అనిపిస్తోందా' అని అడగమనండి. అవతలి మనిషి తటపటాయిస్తే థాంక్స్ చెప్పి వచ్చేయాలి, బతిమాలకూడదు. ఒప్పుకున్నవాళ్లకు రెజ్యుమె, పర్సనల్ స్టేట్‌మెంట్ డ్రాఫ్ట్, వాళ్ల దగ్గర తాను నేర్చుకున్న రెండు మూడు సంగతులు ఒక పేజీలో రాసి ఇవ్వాలి. కనీసం నెలా నెలన్నర గడువు ఇవ్వాలి.

మీవారు ఆ ఉత్తరాలు తనకు చూపించమని అడిగే అవకాశం ఉంది. అక్కడ ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం తన ఉత్తరం చూసే హక్కు విద్యార్థికి ఉంటుంది కానీ, ఆ హక్కు వదులుకుంటున్నానని ముందే సంతకం చేయడం ఆనవాయితీ. అలా చేస్తేనే రాసేవాళ్లు మనసు విప్పి రాశారని స్కూళ్లు నమ్ముతాయి. కాబట్టి పాప కూడా వాటిని చూడదు, మనల్ని నమ్మకపోవడం కాదని ఆయనకు చెప్పండి.

ఇక ఇంట్లో సంగతి. పాప లేనప్పుడు మీవారితో కూర్చోండి. 'మీరు తప్పు' అని మొదలుపెట్టకండి. 'మన కాలంలో ర్యాంకు, ఇక్కడ పద్ధతి వేరట' అని మొదలుపెట్టి ఆ బుధవారాల సంగతి చెప్పండి. ఆయనకు అది తెలిసి ఉండదని నా అనుమానం. కూతురి మార్కులు తెలిసినంతగా ఆ కష్టం ఆయన దాకా వెళ్లి ఉండదు. డాక్టర్ గారితో మాట్లాడాల్సింది ఆయనే, పాప కాదు. 'అన్నయ్యా, పాఠం చెప్పిన వాళ్లవే ముఖ్యంగా చూస్తారట, పాప వాళ్లను అడుగుతోంది. ఇంటర్వ్యూ పిలుపు వస్తే నువ్వు ఓ గంట కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి' అంటే ఆయన నొచ్చుకోరు. పైగా ఆ సాయం పాపకు నిజంగా పనికొస్తుంది.

పాపకూ ఒక మాట. వద్దని చెప్పే హక్కు తనకుంది. ఎందుకు వద్దో నాన్నకు ఓపిగ్గా చెప్పాల్సిన బాధ్యత కూడా తనదే. ఎవరెవరిని అడిగింది, ఏ ఉత్తరం చేరింది, ఏది రావాలి, ఈ మూడూ వారానికోసారి మీ ఇద్దరికీ చెబితే చాలు. మీరు వెనక నుంచి లాప్‌టాప్‌లోకి తొంగి చూడాల్సిన అవసరం ఉండదు, తను మూసేయాల్సిన అవసరమూ ఉండదు.

గడువు గురించి మరీ టెన్షన్ పడకండి. లెటర్లు చేరకపోయినా అప్లికేషన్ పంపించవచ్చు, అవి తర్వాత చేరినా ఆమ్‌కాస్ వాళ్ల పని ఆగదు. అలాగని అడగడం మాత్రం వాయిదా వేయొద్దు. మే నెలలో పరీక్షలు అయిపోతే ప్రొఫెసర్లు దొరకడం కష్టం. ఈ బుధవారమే ఆ ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్లమనండి.