గులాబీ కిటికీ, గేర్ కలిపి వెండి లాకెట్: అతికించినట్టు లేకుండా ఎలా?

చర్చి గులాబీ కిటికీనీ (మధ్య నుంచి పూరేకుల్లా ఊచలు విచ్చుకునే గుండ్రటి పెద్ద కిటికీ) మెషీన్ గేర్‌నీ కలిపి లాకెట్ చేస్తే అతుకుల బొంతలా ఉంటోంది, పైగా ఒకచోట టంకం పెడుతుంటే ఇంకోచోట ఊడుతోంది అని అడిగారు కదా. నాకూ ఈ రెండూ అయ్యాయి.

నేను మొదట పాత గడియారం చక్రాలు తెచ్చి వెండి కమాను మీద అంటించాను. అందరూ బాగుందన్నారు, ఒక్కరూ మెడలో వేసుకోలేదు. తర్వాత కాగితం మీద గీస్తుంటే తట్టింది, ఈ రెండిటికీ మూలం ఒకటే, వృత్తాన్ని సమాన భాగాలు చేయడం. 12 భాగాలు గీసి, లోపల కిటికీ ఊచలు, అంచున ఊచకి రెండు చొప్పున 24 పళ్ళు పెట్టి ఒకే రేకులో కోశాను. అప్పటికి గానీ అది ఒక్క వస్తువులా కనిపించలేదు.

రేకు 1 మి.మీ. మందం తీసుకోండి. 0.6 రేకుతో నేను చేసింది గొలుసు పట్టే చోటే వంగిపోయింది. మధ్యయుగపు యూరప్ గోతిక్ శైలి చర్చిలో కప్పు బరువు గోడంతా మోయదు, స్తంభాల మీదుగా, బయటి ఆనుడు కమానుల మీదుగా దిగుతుంది, అంతంత కిటికీలు పెట్టగలిగింది అందుకే. ఇక్కడా అదే లెక్క, లాకెట్‌లో బరువు పడేది కొక్కెం దగ్గర, అక్కడి ఊచలు లావుగా ఉంచి మిగతావి సన్నం చేసుకోవచ్చు. లోపలి ఖాళీలు ముందు కోసి బయటి పళ్ళు చివర్లో కోయండి, పట్టుకోవడానికి చోటుంటుంది.

టంకం హార్డ్, మీడియం, ఈజీ వరసలో, అంటే ఎక్కువ వేడికి కరిగేది ముందు, తక్కువ వేడికి కరిగేది చివర వాడితే ముందు పెట్టినవి కరగవు. కానీ రెండు పొరలుంటే నేను టంకం జోలికే పోను, రివెట్లే, అంటే రంధ్రంలో తీగ ముక్క దింపి రెండు కొసలూ తలల్లా చదును చేసి బిగించడం. తీగ రంధ్రంలో బిగుతుగా దిగాలి, రెండు వైపులా తీగ మందంలో సగం బయటికి ఉంచి చిన్న సుత్తితో చుట్టూ తడుతూ రండి. టెన్షన్‌లో ఒక్క దెబ్బతో తేల్చేద్దామనుకుంటే తీగ వంకర పోతుంది. తలలు దాచకండి, ఫ్యాక్టరీ కళ వాటితోనే.

ఈ కలయిక కొత్తదేం కాదు. 1804లో మొదలైన బెర్లిన్ రాజ ఫౌండ్రీ (లోహం పోతపోసే కర్మాగారం) గోతిక్ కిటికీల అల్లికతో పోత ఇనుము నగలు చేసింది, నల్లపూత వేసి. వాటి ఫొటోలు చూశాకే నేనూ వెండిని గంధకం ద్రావణంలో నల్లబరిచి, ఊచల పైభాగం మాత్రం చేత్తో రుద్దడం మొదలుపెట్టాను. మెరుగుపెట్టే బఫింగ్ మెషీన్ మాత్రం వద్దు, పళ్ళ మూలలన్నీ అరిగి వాడేసిన సబ్బుబిళ్ళలా తయారవుతుంది.