స్తోత్రం గడగడా వస్తుంది, ‘గొడుగు’ అన్న మాట రాదు

ప్రశ్న: మాది కడప. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మావారికి 54 ఏళ్లు. ఆర్నెల్ల కిందట స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి గానీ మాట మధ్యలో ఆగిపోతోంది. డాక్టరు ‘మైల్డ్ అఫేజియా’ (మెదడు దెబ్బతిని మాట తడబడటం, కొద్దిపాటిదే) అన్నారు. పూజలో స్తోత్రాలు గడగడా చదివేస్తారు, ‘గొడుగు ఇవ్వు’ అనడానికి మాత్రం తడుముకుంటారు. ‘కావాలనే చేస్తున్నాడు’ అంటుంది మా ఆడపడుచు. ఆయన ఫోన్లు ఎత్తడం కూడా మానేశారు.

జవాబు: అమ్మా, అది నటన కాదు. ఈ సంగతి మీ ఆడపడుచుగారికి మీరే గట్టిగా చెప్పండి. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన స్తోత్రాలు, అంకెలు, వారాల పేర్లు వాటంతటవే దొర్లిపోతాయి. ‘గొడుగు’ అనాలంటే అప్పటికప్పుడు మాటను వెతికి పట్టుకోవాలి. స్ట్రోక్ దెబ్బతీసింది ఆ వెతుకులాటనే. వానొస్తోందని ఆయనకు తెలుసు, గొడుగు ఏ మూల ఉందో తెలుసు, పేరే అందదు. ఒక్కోసారి ‘చెప్పులు ఇవ్వు’ అనేస్తారు, తప్పు దొర్లిందని చాలాసార్లు ఆయనకే తెలిసిపోతుంది. చూసేవాళ్లకు మనిషి బాగున్నట్టే ఉంటాడు కాబట్టి ఈ బాధ ఎవరికీ కనబడదు.

మాట ఆగగానే మీరు అందించేయకండి. ప్రేమతోనే చేస్తాం, కానీ ఆయన నోటి దాకా వచ్చినది వెనక్కి పోతుంది. కాసేపు ఆగి, ‘దేనికి వాడతాం, ఎలా ఉంటుంది?’ అని అడగండి. ‘నల్లగా... వానలో...’ అంటుండగానే అసలు మాట వచ్చేయవచ్చు. స్పీచ్ థెరపీలోనూ ఇలాగే చేయిస్తారు. అప్పటికీ రాకపోతే ‘గొ...’ అని మొదటి అక్షరం ఇవ్వండి. సాయం కావాలంటే చెయ్యి ఎత్తమని ముందే ఆయనతో అనుకోండి. కన్నడలో ‘ఛత్రి’ అని వచ్చినా సరే, రానివ్వండి. రెండు మూడు భాషలు మాట్లాడేవారికి అన్నీ ఒకే తీరులో కోలుకోవు.

మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి. అలసిపోతే తడబాటు పెరుగుతుంది, ముఖ్యమైన విషయాలు పొద్దున్నే మాట్లాడుకోండి.

మొదటి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది గానీ తర్వాత ఆగిపోదు. థెరపీ మొదలుపెట్టకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టండి. మీ బెంగళూరులోనే ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రిలో స్పీచ్ పాథాలజీ (మాట సమస్యలు చూసే) విభాగం ఉంది, తెలుగులో చేయించేవారు ఉన్నారేమో అక్కడ అడగండి. ఒకవేళ ఉన్నట్టుండి మాట పూర్తిగా పడిపోయినా, మూతి వంకరపోయినా ‘రేపు చూద్దాం’ అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఫోన్ సంగతి. అందులో చేతులతో సైగ చేసే వీలుండదు, అవతలివాళ్లు ‘హలో, హలో’ అంటూ కంగారుపెడతారు. తొందరపెట్టని స్నేహితుడు ఒకరితో వీడియో కాల్ చేయించండి. చెప్పదలచిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి ముందు పెట్టుకోమనండి. మీరు పక్క గదిలో ఉంటే చాలు.