నాన్నగారు నొక్కిన చలానా

గుంటూరు బ్రోడీపేట నుంచి ఒకబ్బాయి: "నాన్నగారి వాట్సాప్‌కి ఆయన ఫ్రెండ్ నంబర్ నుంచే ఆర్టీవో చలానా అని ఏపీకే ఫైల్ వచ్చింది. నొక్కారు, ఇన్‌స్టాల్ అయింది, ఏవో రెండు మూడు అడిగితే ఓకే కొట్టేశారు. ఇప్పుడు ఐకాన్ కూడా కనపడట్లేదు. మెసేజ్ డిలీట్ చేశాం, సరిపోతుందా?"

సరిపోదు బాబూ. ఏపీకే అంటే ప్లేస్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైల్. మెసేజ్ డిలీట్ చేస్తే వీధి తలుపు వేసినట్టే, వచ్చినవాడు ఇంట్లోనే ఉన్నాడు. ముందు ఆ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆఫ్ చెయ్యండి. ఇది చదవడం ఆపి ఆ పని చేసి రండి, పర్లేదు.

వచ్చారా. ఇప్పుడు వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు అన్నీ ఆపించండి, కస్టమర్ కేర్ నంబర్ మాత్రం గూగుల్‌లో వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లు బోలెడు, ఏటీఎం కార్డు వెనకాలే ఉంటుంది చూడండి. ఒక్క రూపాయి పోయినట్టు కనపడినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. రేపు పొద్దున చూద్దాం అనుకున్నారా అంతే, ఆ డబ్బు రాత్రికి రాత్రి నాలుగు అకౌంట్లు మారిపోతుంది, వాళ్ళు డ్రా చేసేలోపు పట్టుకుంటేనే దొరికేది.

ఆ రెండు మూడు ఓకేలు ఉన్నాయే, అసలు కథ అక్కడే. మెసేజ్‌లు చదవడానికి, పంపడానికి అది పర్మిషన్ అడిగింది, ఆయన ఇచ్చారు. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టినప్పుడు మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్ళడం గమనించే ఉంటారు, ఈ నంబర్ మనదే అని నమ్మేది దాన్ని బట్టే. ఇప్పుడు వాడెక్కడో కూర్చుని యాప్ పెట్టుకుంటే ఆ ఎస్సెమ్మెస్ మీ నాన్నగారి ఫోనే పంపి పెడుతుంది, ఓటీపీ వస్తే అదీ వాడికే చేరవేస్తుంది. ఇక పిన్ మార్చాలంటే డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, ఎక్స్‌పైరీ కావాలి కదా, అందుకే చలానా కట్టండి అని ఉత్తుత్తి పేజీ చూపించి కార్డు వివరాలు మనచేతే కొట్టించుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. అక్కడ ఆయన ఏమైనా టైప్ చేశారేమో మెల్లగా అడగండి, గట్టిగా అడిగితే చెప్పరు. మా మావయ్య శుభలేఖ అని వచ్చిన ఇలాంటిదే నొక్కి "నేనేం నొక్కలేదురా, అదే తెరుచుకుంది" అని మూడు రోజులు అదే మాట మీదున్నాడు, నాలుగో రోజు కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఒక్కసారి ఓకే అన్నానేమోలే" అన్నాడు.

ఆయన్ని అనడానికి కూడా లేదు. 2025 జనవరి నుంచి మన ప్రభుత్వమే మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో సేవలు ఇస్తుంటే ఆర్టీవో వాళ్ళు కూడా వాట్సాప్ చేశారనుకోవడంలో వింతేముంది? కాకపోతే మన మిత్ర ఏపీకే ఇన్‌స్టాల్ చేసుకోమనదు, తేడా అదొక్కటే.

ఇప్పుడు ఫోటోలు మాత్రం కేబుల్‌తో కంప్యూటర్‌లోకి లాగేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా చెయ్యడం. యాప్ ఐకాన్ దాచేసుకుంది కాబట్టి వెతికి అన్‌ఇన్‌స్టాల్ చేసినా నాకైతే నమ్మకం ఉండదు. రీసెట్ తర్వాత పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడగొచ్చు, ముందే గుర్తు తెచ్చుకోమనండి, లేకపోతే ఫోన్ అక్కడే ఆగిపోవచ్చు. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచే మార్చండి, వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లో తెలియని ఫోనో కంప్యూటరో, సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ దగ్గర తెలియని నంబరో ఉందేమో కూడా ఒకసారి చూడండి. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని ఉంటుంది, అందులో వాట్సాప్‌కి ఆఫ్ చేసి పెట్టండి. ఫైల్ పంపిన ఆ ఫ్రెండ్‌కి కూడా ఫోన్ చేసి చెప్పండి, పాపం ఆయన వాట్సాప్ ఎవడి చేతిలో ఉందో ఆయనకే తెలీకపోవచ్చు.

పటమట నుంచి ఒకావిడ: "మిక్సీ కొనాలని ఇంట్లో అనుకున్నాం అంతే, ఫోన్‌లో మిక్సీ యాడ్స్. ఫోన్ వింటోందా?"

అందరికీ ఉన్న అనుమానమేనండీ, నాకూ వచ్చింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైక్ వాడినా పైన మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, ఐఫోన్‌లో అయితే నారింజ చుక్క, రెండ్రోజులు గమనించండి. నా లెక్కలో వినాల్సిన అవసరమే వాళ్ళకి లేదు. మీరు అనుకున్నాక మీవారో అమ్మాయో అదే వైఫైలో వెతికి ఉంటారు, లేదా బీసెంట్ రోడ్‌లో షాపువాడికి బిల్లు కోసమని నంబర్ ఇచ్చి ఉంటారు, అది చాలు. గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్ లోపలికెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చెయ్యండి, యాడ్స్ వాళ్ళు మీ ఫోన్‌ని గుర్తుపట్టేది దాంతోనే. యాడ్స్ ఆగవు, కానీ మిమ్మల్ని అంత పట్టుకుని వెంటపడవు.

గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ ఆయన: "విండోస్ 10 ఆగిపోయిందట, నా సిస్టమ్ 11కి పనికిరాదంటోంది. పారెయ్యాలా?"

పారెయ్యకండి. సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది, ఇళ్ళలో వాడేవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోండి అని వేరేవాళ్ళకైతే చెప్పేవాణ్ణి, మీకు చెప్పను, విండోస్ కోసం చేసిన పేజ్‌మేకర్, అను ఫాంట్స్ మీదే మీ బతుకుతెరువు కదా. నెట్ తీసేసి దాన్ని శుభలేఖల పనికే ఉంచండి. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు స్కాన్ చెయ్యకుండా గుచ్చకండి. బ్యాంకు పనులకి వేరేది.

చివరిది కృష్ణలంక నుంచి: "ఫోన్ వెనక మూత కాస్త లేచింది, బ్యాటరీ ఉబ్బిందంటున్నారు. ఆదివారం ఫంక్షన్ అయ్యేదాకా నెట్టుకురావచ్చా?"

వద్దు. చార్జింగ్ పెట్టకండి, మూత నొక్కి సర్దకండి, మన ఎండలకి స్కూటీ డిక్కీలో అసలే పెట్టకండి. ఇవాళే మార్పించండి.