రూపాయిన్నర వెలుగు కోసం

చి. అమ్మలుకి,

ఆశీస్సులు. హెచ్‌డీ 209458 అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని నీ కెమెరాతో పట్టుకోవాలని రాశావు. చదివినప్పటి నుంచి నా మనసంతా దానిమీదే ఉంది. తప్పకుండా ప్రయత్నించు. 1999 సెప్టెంబరులో డేవిడ్ షార్బొనో, టిమ్ బ్రౌన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు అమెరికాలోని కొలరాడోలో, పది సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతోనే ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా రావడం కొలిచారు.

గ్రహం కనబడదు తల్లీ. గురుడికంటే లావైనదే, కానీ సుమారు 160 కాంతి సంవత్సరాల దూరం. అది అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు వంద రూపాయల్లో రూపాయిన్నర తగ్గుతుంది. మూడు గంటలు అలా ఉండి మళ్లీ నిండుతుంది. నువ్వు కొలవాల్సింది అదే.

అందుకే ముందొక గంట, తర్వాతొక గంట ఫొటోలు తప్పనిసరి. మొదటిసారి నేను టెలిస్కోపు సర్దుకునేసరికే గ్రహం అడ్డొచ్చేసింది. అది తప్పుకునే వేళకి మబ్బులు. మూడు గంటల కొలతలన్నీ చక్కగా ఒకే గీత మీద వచ్చాయి. అది తగ్గిన వెలుగని చెప్పడానికి పక్కన మామూలు వెలుగు ఒక్క చుక్క కూడా లేదు. చాలా బాధపడ్డాను.

ఒక రోజు తప్పిపోతే వారం ఆగు. ఆ గ్రహం సంవత్సరం మూడున్నర రోజులు, ఇంకో అరగంట పైన. రెండు చుట్లయ్యేసరికి ఏడు రోజులు దాటి గంటా పది నిమిషాలవుతుంది. అంటే వచ్చే వారం అదే రోజు, గంట ఆలస్యంగా మళ్లీ వస్తుంది. షార్బొనో వాళ్లు పట్టుకున్నవి కూడా 9, 16 తేదీల్లోనే. గ్రహం ఎప్పుడు అడ్డొస్తుందో లెక్క కట్టి ఇచ్చే సమయాలు గ్రీనిచ్‌వి, ఐదున్నర గంటలు కలుపుకో.

అక్టోబరు రెండో సగం మనకు మంచిది. భాద్రపద నక్షత్రాల చతురస్రానికి పడమరగా మన నక్షత్రాన్ని వెతుకు. మామూలు కంటికి ఆనదు, బైనాక్యులర్‌లో దొరుకుతుంది. ఆ నెలాఖరున రాత్రి ఎనిమిదికల్లా మన హనుమకొండలో దాదాపు నడినెత్తికి వస్తుంది. గాలి పొర పలచగా ఉంటుంది కాబట్టి అది వరమే. కానీ స్టాండుకు అదే పరీక్ష. నీది పక్కలకూ, పైకీ కిందికీ తిరిగే రకమైతే నడినెత్తి దగ్గర తడబడుతుంది. ధ్రువ నక్షత్రం వైపు ఇరుసు పెట్టే స్టాండు ఎవరినైనా అడిగి తెచ్చుకో. అదైనా నక్షత్రం నడినెత్తి దాటాక తిప్పి పెట్టాల్సి రావచ్చు. ఆ పని సరిగ్గా వెలుగు తగ్గే వేళ పెట్టుకోకు.

ఫోకస్ కొంచెం చెడగొట్టు. నక్షత్రం చిన్న బిళ్లలా పరుచుకోవాలి. సూదిమొనలా ఉంటే సెన్సార్ నిండిపోయి లెక్క పోతుంది. ఆటో సెట్టింగులన్నీ ఆపెయ్. అదే ఫ్రేములో ఇంచుమించు అంతే వెలుగున్న ఇంకో నక్షత్రం ఉండాలి. మన నక్షత్రాన్ని దానితో పోల్చి చూడాలి. పలచని మబ్బు రెండింటినీ ఒకేలా మసకబారుస్తుంది, గ్రహం మాత్రం మన నక్షత్రం ఒక్కదాన్నే. లెన్సు మీద మంచు పడకుండా చూసుకో.

గ్రాఫు గీశాక గీతకు దూరంగా పడ్డ చుక్కల్ని చెరిపెయ్యాలనిపిస్తుంది. చెరపకు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న